పద్నాలుగో డబ్బా

"ఎనిమిదోది తెరిసినావేటే?"

"ఒకటో తారీకునే తెరిసినాను మావా."

"తొమ్మిదోది నెల రాకుండా ముట్టుకోకు. ఏదీ ముందుగా తెరవకు, ఇన్నావా?"

"ఇన్నాన్లే. దగ్గుతున్నావు, గొంతుకి గుడ్డ సుట్టుకో."

"ఇక్కడ గుడ్డలకేటి తక్కువ..."

అక్కడితో లైను తెగిపోయింది. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. గుడ్డలకేటి తక్కువ అన్నవాడు ఆ తర్వాత ఏమనబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అది జూన్ నెల, ఆదివారం, మధ్యాహ్నం మూడు. రాయ్‌పూర్‌లో నౌతపా అనే తొమ్మిది రోజుల మండుటెండలు దాటినా వాన ఇంకా పడలేదు. మా రేకుల ఇంట్లో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. కూలర్ చప్పుడికి మాట వినపడదని దాన్ని ఆపేసి, చెమటలు కారుతూ, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఆయన ఉన్నచోట అప్పటికి సూర్యుడు కనబడక మూడు వారాలు దాటింది. పొద్దున్నయింది అని గడియారం చెప్తే నమ్మాలి, అంతే. నేను ఎండలో నుంచి మాట్లాడితే ఆయన చీకట్లో వినేవాడు. పైగా ఆ ఫోనులో మాట ఆకాశం దాకా వెళ్ళి వచ్చేది. నేను ఒక మాట అంటే, అది అక్కడికి చేరి, ఆయన జవాబు రాకముందే నా గొంతే నాకు సన్నగా తిరిగి వినపడేది. మావా అని నేను పిలిస్తే, ఎవరో బావిలోంచి మావా అన్నట్టు. మొదట్లో భయపడి ఫోను కింద పెట్టేసేదాన్ని. తర్వాత అలవాటయింది.

ఇది రాస్తున్నది మా బావగారి కూతురు. బడిలో అంతా హిందీయే అయినా వాళ్ళమ్మ దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నాకు నా పేరు గుర్తుపట్టడం వచ్చు, అంకెలు వచ్చు, అంతకు మించి రాదు. గొంతు కూడా బస్తాల దుమ్ము తిని గీరుకుపోయింది. అందుకని నేను చెప్తున్నాను, అది రాస్తోంది. ఇందులో వాళ్ళ నాన్న గురించి వస్తుంది. వచ్చినప్పుడు చెయ్యి ఆపకు పాపా, చెప్పింది చెప్పినట్టు రాయి.

మా నాన్న శ్రీకాకుళం నుంచి రైల్వేలో కలాసీగా ఇక్కడికి వచ్చాడు. మా ఆయన నాకు మేనమామ కొడుకు. భన్‌పురిలో జనరేటర్లు బాగుచేసే షెడ్డులో డీజిల్ మెకానిక్. నేను ఆ రోడ్డులోనే ఒక ట్రాన్స్‌పోర్టు గోదాములో పని చేసేదాన్ని. చినిగిన బస్తాలు కుట్టడం, లారీ వస్తే సరుకు చూసి చలానా మీద వేలిముద్ర వేయడం. గోదాములో మొదటి వారంలోనే ఒక దెబ్బ తిన్నాను. డ్రైవరు తొందర పెడితే చూడకుండా వేలు పెట్టాను. తాడు విప్పి పట్టా తీస్తే లోపల వానకు తడిసి గడ్డకట్టిన సిమెంటు. ఇదేమిటి అంటే డ్రైవరు నవ్వి, "అంగూఠా లగా దియా నా? అబ్ తుమ్హారా" అన్నాడు. వేలు పెట్టాక అది నీదే. ఇంటికొచ్చి ఏడిస్తే మా ఆయన నా బొటనవేలు పట్టుకుని, "ఈ యేలే నీ నోరు. సరుకు కళ్ళతో సూడకుండా దీన్ని తెరవకు" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ చూడకుండా వేలు పెట్టలేదు.

ఆయన భూమి అడుగున ఉన్న ఆ మంచు దేశానికి ఎలా వెళ్ళాడంటే, అక్కడ ఉండి పరీక్షలు చేసే సైంటిస్టులకు కరెంటు కావాలి. ఆ కరెంటు తీగల మీద రాదు. డీజిల్ జనరేటర్ మీద వస్తుంది. దాన్ని చూసుకోవడానికి మెకానిక్‌లను తీసుకుంటున్నారని షెడ్డు యజమానికి తెలిసి మా ఆయన్ని పంపాడు. పరీక్ష పెట్టారు, డాక్టర్లు చూశారు, మంచు కొండల మీద నడిపించి చూశారు. నెగ్గాడు. సముద్రం ఒడ్డున వాళ్ళ ఆఫీసు గోదాములో నెల రోజులు సామాను సర్దించి, వెళ్ళేముందు పది రోజులు ఇంటికి పంపారు.

ఆ పది రోజులూ ఆయన నోట ఒకటే మాట, సామాను. అక్కడికి ఓడ ఏడాదికి ఒకసారి వస్తుందట. మార్చిలో ఓడ వెళ్ళిపోయాక మళ్ళీ నవంబరులో విమానం దిగేదాకా మనిషి రాడు, మనిషి పోడు. మధ్యలో సముద్రమే గట్టిపడిపోతుంది.

"ఓడలో ఎక్కనిది ఈ లోకంలో లేనట్టేనే. ఒక్క బోల్టు మర్సిపోయినా లేనట్టే" అన్నాడు.

"ఉప్పు మర్సిపోతే?"

"ఉప్పు లేకండా తింటాం. డీజిలు మర్సిపోతే నాలుగు గంటల్లో నీళ్ళ పైపులు పగిలిపోతాయి. తర్వాత మేమూ అంతే."

మూడు జనరేటర్లు ఉంటాయని చెప్పాడు. ఒకటి తిరుగుతుంది, ఒకటి తయారుగా నిలబడుతుంది, ఒకటి విప్పి ఉంటుంది. ఒక గది నుంచి ఇంకో గదికి తాడు పట్టుకుని వెళ్ళాలట. గాలి లేచిన రోజున చాచిన చెయ్యి కనబడదట. ఇంకో సంగతి చెప్పి చాలా నవ్వాడు. అక్కడ ఏదీ వదలకూడదట. తిని పారేసిన డబ్బా, కాల్చిన బూడిద, మనిషి మురికి, అన్నీ డ్రమ్ముల్లో మూసి మళ్ళీ ఓడెక్కించి వెనక్కి తేవాలట. "మనం ఎళ్ళినట్టు ఆ నేలకి తెలకూడదు" అన్నాడు.

అలా మాట్లాడుతూనే మా ఇల్లు కూడా సర్దేశాడు. ఎక్కడి నుంచో పద్నాలుగు నూనె డబ్బాలు తెచ్చాడు. పదిహేను కిలోలవి, చదరంగా ఉండేవి. కడిగి, ఎండబెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో నెల సామాను పెట్టాడు. పప్పు, బెల్లం, చింతపండు, సబ్బులు, అగ్గిపెట్టెలు, నా నడుంనొప్పి మాత్రలు. మూత చుట్టూ గోధుమరంగు టేపు వేశాడు. నాకు చదువు రాదని మూతల మీద రంగుతో బొమ్మలు వేశాడు. నవంబరుకు ప్రమిద, మే నెలకు మామిడికాయ, జూన్‌కు గొడుగు. అటక మీద ఓడలో పేర్చినట్టు పేర్చాడు, ఆఖర్న కావలసింది అన్నిటికన్నా లోపల, ముందు కావలసింది ముందు.

"నేనేటి బజారుకెళ్ళలేనా?" అన్నాను.

"ఎళ్ళు. కానీ నెలకొక్కటి తెరుస్తుంటే నేను ఎంత దూరంలో ఉన్నానో నీకు తెలుస్తాది. ఇంకెన్ని ఉన్నాయో సూసుకో, అన్ని నెలలే నేను."

అన్నిటికన్నా లోపల పెట్టిన పద్నాలుగో డబ్బా చాలా తేలిగ్గా ఉంది. దాని మూత మీద సంచీ పట్టుకున్న మనిషి బొమ్మ ఉంది. ఊపితే చిన్న చప్పుడు, గాజుకి ఇనుము తగిలినట్టు. ఇందులో ఏముంది అంటే, "ఆ నెలొచ్చినాక సూద్దువు" అని నా చేతిలోంచి తీసేసుకున్నాడు.

జూన్‌లో ఆ ఆదివారం మాట్లాడిన నాలుగో రోజున ఫోను మోగింది. గురువారం ఎందుకు మోగింది అనుకుంటూనే తీశాను. ఆఫీసు నుంచి ఎవరో పెద్దాయన, హిందీలో, చాలా మెల్లగా మాట్లాడాడు. జనరేటర్ గదిలో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని చెప్పాడు. గుండె. చెయ్యి మిషను మీదే ఉందట. మిషను తిరుగుతూనే ఉందట. దీపాలు ఆరలేదు కాబట్టి లోపల ఉన్నవాళ్ళకు గంటసేపు తెలియలేదు.

నేను ఏడవలేదు. కూలర్ ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు.

మర్నాడు ఆ ఆఫీసు పెద్దాయనే మళ్ళీ ఫోను చేసి ఒక సంగతి అడిగాడు. నవంబరు దాకా విమానం రాదు. అయిదు నెలలు. కాబట్టి అక్కడే ఒక రాతినేల మీద మర్యాదగా సమాధి చేయమంటారా, లేక ఉంచి తెమ్మంటారా? రెండు రోజుల్లో చెప్పండి, ఒత్తిడి లేదు అన్నాడు.

మా బావగారు వచ్చి కూర్చున్నారు. మా ఆయనకు అన్న, ఇది రాస్తున్న పిల్లకు తండ్రి. మంచి మనిషే. తమ్ముణ్ణి చేతుల మీద పెంచాడు. నా వైపు చూడకుండా నేల చూస్తూ మాట్లాడాడు.

"అయిదు నెలలు శవాన్ని ఉంచుతారేటమ్మా? ఆడి ఆత్మ ఎక్కడ తిరగాల? అక్కడే కప్పెట్టీమని సెప్పు. మనం ఇక్కడ దర్భలతో బొమ్మ సేసి కర్మ సేసీద్దాం. పదో రోజుకి నీ పని కూడా అయిపోతాది."

నా పని అంటే గాజులు, బొట్టు.

"అక్కడ ఒక డబ్బా కూడా వదలకూడదని సెప్పేడు బావా. బూడిద కూడా వెనక్కి తెస్తారట. మనిషినెలాగ వదిలెస్తారు?"

"అది సామాను మాటమ్మా."

"సామానుకే అంత ఉంటే?"

"సర్లే, తెప్పించుకో. కర్మ మాత్రం ఇప్పుడు సేసీద్దాం."

"నాను సూడలేదు బావా. సూడకుండా యేలు పెట్టను."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. భన్‌పురి వాళ్ళకైతే అర్థమయ్యేది. పోయాడని చెప్పింది ఫోను. ఫోనులో నా గొంతే నాకు ఎవరిదోలా వినపడేది. అటువంటి ఫోను చెప్పిందని గాజులు పగలగొట్టుకుంటే, వేలు పెట్టాక అది నీదే అన్నట్టు, ఇంక ఆ చావు నాది. ఆయన్ని నా కళ్ళతో చూసేదాకా తీసుకోను అనుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. ఆయన రావాలి, నేను చూడాలి, ఆయనే అని తెలియాలి. బావగారు కోపంగా లేచి వెళ్ళిపోయారు. అయిదు నెలలు మా గుమ్మం తొక్కలేదు. ఆపకు పాపా, రాయి.

తెమ్మని ఆఫీసుకు చెప్పాను. అలాగే తల్లీ అన్నాడాయన.

ఆ అయిదు నెలలూ నేను ఏమిటో ఎవరికీ తెలియదు. మా రైల్వే బస్తీలో ఆడవాళ్ళు నా నుదురు చూడటం మానేశారు. కుళాయి దగ్గర నేను వస్తే దారి ఇచ్చేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు కాదు. పసుపు పేరంటానికి నన్ను పిలవాలో వద్దో తెలియక, నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి తలుపుకి చెప్పి వెళ్ళేవాళ్ళు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలామె ఒక్కతే మొహం మీద అడిగింది. "తోర్ ఆద్మీ హవయ్ కి నఇ?" నీ మొగుడు ఉన్నాడా లేడా? ఉన్నాడు, మంచులో ఉన్నాడు అన్నాను. ఆమె "అయితే చెడిపోడు" అంది. నాకు ఆ మాట మంచిదిగానే తోచింది. రాత్రికి వండింది పొద్దున్నకు పులిసిపోయే ఎండల్లో నేనున్నాను. ఆయన మాత్రం జూన్ నెలలో ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నాకు రోజులు గడుస్తున్నాయి, ఆయనకు లేదు. ఇలా ఉంటే కొన్నాళ్ళకు నేనే ఆయనకన్నా పెద్దదాన్ని అవుతాను కదా అని ఒకరోజు బస్తా కుడుతూ అనుకుని, సూది వేలికి గుచ్చుకున్నాను.

ఫోను సంగతి ఎవరికీ చెప్పలేదు.

పోయాడని చెప్పిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, మూడు గంటలకు, ఫోను మోగింది. అదే పొడుగు నంబరు. నా చెయ్యి దానంతట అదే తీసింది. మాట లేదు. వెనక జనరేటర్ తిరుగుతోంది. మా ఆయన నాకు జనరేటర్ వినడం నేర్పాడు. పెళ్ళైన కొత్తలో షెడ్డుకు అన్నం తీసుకెళ్తే, కళ్ళు మూసుకుని ఏ మిషనుకి జబ్బో చెప్పమనేవాడు. అది జబ్బు లేని మిషను. నున్నగా, ఒకటే ఊపిరిగా తిరుగుతోంది.

"మావా" అన్నాను.

మావా అని నా గొంతు నాకు తిరిగొచ్చింది. ఇంకేమీ రాలేదు. అవతల ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తోంది. గది ఖాళీగా ఉంటే ఒకలా వినపడుతుంది, మనిషి ఊపిరి బిగబట్టి ఉంటే ఒకలా వినపడుతుంది. ఏం చెప్పాలో తెలియక, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను.

"ఎనిమిదోది సగమైంది. పప్పు ఉంది. బెల్లం అయిపోయింది."

కాసేపటికి లైను తెగింది.

ఆ తర్వాతి ఆదివారం కూడా. ఆ తర్వాతిదీ. మూడింటికి మోగేది. నేను తలుపు వేసుకుని, కూలర్ ఆపి, లెక్క చెప్పేదాన్ని. తొమ్మిదోది తెరిచాను. పది తెరిచాను. కందిపప్పుకి పురుగు పట్టింది, ఎండబెట్టాను. పదకొండు. వాన బాగా పడుతోంది, రేకు కారుతోంది. అటు నుంచి మిషను చప్పుడు. భయం వేయలేదా అంటే వేసింది. కానీ ఒక వారం గాలివానకు లైను కలవక ఫోను మోగకపోతే, అప్పుడు వేసిన భయం ముందు ఇది ఏపాటి? ఎవరికైనా చెప్తే ఫోను లాక్కుంటారని చెప్పలేదు. ఒక్కో డబ్బా తీసేకొద్దీ అటక ఖాళీ అయ్యి, లోపలున్న ఆ తేలికైన డబ్బా మీద సంచీ మనిషి బొమ్మ కనబడసాగింది. కూలర్ గాలికో ఎందుకో అప్పుడప్పుడు అది టింగుమనేది. రెండుసార్లు కిందికి దించాను. రెండుసార్లూ, ఏదీ ముందుగా తెరవకు, ఇన్నావా అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ పెట్టేశాను. పోయినవాడు అడిగినది అదొక్కటే. అదైనా నిలబెట్టాలి కదా.

నవంబరు ఒకటిన పదమూడోది తెరిచాను. రెండో నవంబరని దాని మీద రెండు ప్రమిదలు వేశాడు. అందులో మిగతావాటితో పాటు కిలో నల్లనువ్వులు, బెల్లం అచ్చు ఉన్నాయి. చలికాలం నువ్వుండలు చేసుకుంటానని నాకోసం పెట్టాడు. ఎవరు తింటారని మూత పెట్టేశాను.

ఆ నెల మధ్యలో విమానాశ్రయం నుంచి కబురొచ్చింది. బావగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి, "పద" అన్నారు. అంతే. ఇద్దరం వెళ్ళాం.

సరుకు దింపే షెడ్డు అది. ఒక పక్క మామూలు పార్సిళ్ళు, ఫ్రిజ్ అట్టపెట్టెలు. వాటి మధ్య పొడుగు చెక్కపెట్టె. పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు, నల్లగా, సన్నగా, మా ఆయనతో పాటు అక్కడ ఉన్న మలయాళీ కరెంటు మేస్త్రీ. పెట్టెతో పాటు అంత దూరం నుంచి వచ్చాడు. నన్ను చూసి చేతులు జోడించాడు, కానీ దగ్గరికి రాలేదు.

బల్ల దగ్గర గుమాస్తా కాగితం తోసి, సిరా డబ్బా తెరిచి, "యహాఁ అంగూఠా" అన్నాడు.

"ముందు చూస్తాను."

"అమ్మా, సీలు వేసి వచ్చింది. ఇక్కడ తెరవరు. వేలు పెట్టి ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి."

"చూడకుండా పెట్టను."

బావగారు నా చెయ్యి పట్టుకుంటారేమో, కసురుతారేమో అనుకున్నాను. ఆయన గుమాస్తా వైపు తిరిగి, "ఆమె భన్‌పురి గోదాములో పనిచేస్తుంది సాబ్. చూడనిదే పెట్టదు. నేను చెప్పి ఓడిపోయాను" అన్నారు. మలయాళీ ముందుకొచ్చి పై చెక్క రెండు మేకులు ఊడదీశాడు. కింద ఇంకో పెట్టె, దానికి మొహం దగ్గర చిన్న అద్దం.

అద్దంలో ఎవరో గడ్డం మనిషి. నల్లటి గడ్డం, ఛాతీ దాకా. మా ఆయన రోజూ గీసుకునేవాడు, ఆదివారం కూడా మానడు. ఈయన కాదు అన్నాను. నోటితో అన్నానో మనసులో అన్నానో. ఆ ఒక్క క్షణం, ఒట్టు, నాకు సంతోషం వేసింది. వేరేవాళ్ళ సరుకు నాకు పంపారు, వెనక్కి పంపేయొచ్చు అనిపించింది.

అంతలో అద్దం మీద చెమ్మ పట్టింది. లోపల చల్లదనానికి బయట వేడి తగిలి బొట్లు బొట్లుగా. ఆయనకే చెమట పడుతున్నట్టు. నేను కొంగుతో తుడిచాను. తుడిస్తే చెవి కనబడింది. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. మా పెళ్ళైన ఏడాది షెడ్డులో ఫ్యాన్ బెల్టు తెగి కొట్టింది. కుట్లు వేయించడానికి నేనే తీసుకెళ్ళాను. చీలిక అలాగే ఉంది. జూన్ నెల మొహం అలాగే ఉంది. పెదవులు కొంచెం తెరిచి ఉన్నాయి, మాట మధ్యలో ఉన్నట్టు.

మళ్ళీ చెమ్మ పట్టింది. మళ్ళీ తుడవలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద పెట్టాను. నాకు వైధవ్యం వచ్చింది అక్కడ. తర్వాత ఇంట్లో గాజులు తీసినప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఇంటి దగ్గర మంగలి వచ్చాడు. బావగారికి తల గీయడానికి వచ్చినవాడు పెట్టె వైపు చూసి, "సామికి గడ్డం తియ్యమంటారా?" అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. వద్దన్నాను. అది అక్కడ పెరిగిన గడ్డం, ఆయన తనతో తెచ్చుకున్నది, ఉండనివ్వండి అన్నాను. ఖారూన్ నది ఒడ్డుకు గడ్డంతోనే తీసుకెళ్ళారు. బయల్దేరేముందు పంతులు నువ్వులు కావాలన్నాడు. ఎవరో బజారుకు పరిగెత్తబోయారు. అక్కర్లేదని పదమూడో డబ్బా తెచ్చి పంతులు ముందు పెట్టాను. నల్లనువ్వులు, కిలో, పురుగు పట్టనివి. తన తర్పణం నువ్వులు ఏడాది ముందే, సరిగ్గా ఆ నెల డబ్బాలో తనే సర్దుకుని వెళ్ళాడు. బావగారు ఆ డబ్బా మూత మీది ప్రమిదలు చూసి చాలాసేపు చెయ్యి పెట్టలేకపోయారు.

మలయాళీ మూడు రోజులు ఉన్నాడు. ఆదివారం వెళ్ళే రైలు ఎక్కాలి. ఆ మధ్యాహ్నం టీ ఇచ్చాను. తాగుతూ నేల చూస్తూ, వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాడు. "భాభీ, ఒకటి చెప్పాలి. తిట్టకండి. తొమ్మిది. పది. పదకొండు."

తెలుగులో అన్నాడు, నా యాసలోనే.

ఈ లెక్క నీకెలా తెలుసు అని అడిగాను.

అక్కడ ఫోను అందరికీ వంతుల మీద ఇస్తారట. మా ఆయన వంతు ఆదివారం. ఆయన పోయాక ఆ వంతు ఎవరూ తీసుకోలేదట. మొదటి ఆదివారం ఫోను దగ్గర ఎవరూ లేక అలా పడి ఉంటే చూడలేక ఈయన నంబరు నొక్కాడు. నేను తీశాక ఏం చెప్పాలో రాలేదు. పెట్టేద్దామంటే నేను ఏదో చెప్తున్నాను. ప్రార్థన అనుకున్నాడట. వినేసి, చివర్లో వచ్చిన మాటలు జనరేటర్ పుస్తకం అంచున తన అక్షరాల్లో రాసుకునేవాడు. పప్పు ఉంది. బెల్లం అయిపోయింది. రేకు కారుతోంది.

"నాకు అర్థం కాలేదు భాభీ. కానీ ఆయనకు చెప్పాలి కదా. ఆయన్ని బయట ఖాళీ కంటైనరులో ఉంచాం. ఫోను అయ్యాక తాడు పట్టుకుని వెళ్ళి, తలుపు కొట్టి, రాసుకున్నది చదివేవాణ్ణి. ఆగస్టులో మంచు కంటైనరును కప్పేసింది. తలుపు ఎక్కడుందో తెలియలేదు. మంచు మీద నిలబడి చదివేవాణ్ణి."

నేను కుట్టిన బస్తాల లెక్కలాంటి మాటలు ఆ చీకట్లో, ఆ గాలిలో, తెలుగు రాని మనిషి గొంతుతో ఆయన నెత్తి మీద నుంచి వినపడుతున్నాయి. ఆయన కింద గడ్డంతో పడుకుని ఉన్నాడు. నేను తిట్టలేదు. ఇంకో కప్పు టీ పోశాను.

అప్పుడు మూడైంది. ఫోను మా ఇద్దరి మధ్య పీట మీద ఉంది. మోగించవలసిన మనిషి నా ఎదురుగానే కూర్చున్నాడు. అయినా ఇద్దరం దాన్నే చూశాం. మూడు దాటి పావైంది. అది మోగలేదు. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

డిసెంబరు ఒకటిన పద్నాలుగోది దించాను. అటక మీద ఇంకేమీ లేదు. టేపు రెండు చుట్లు వేశాడు దానికి. విప్పాను. లోపల ఒక పాత తువ్వాలు, దానిలో వదులుగా చుట్టి ఒక చిన్న చేతి అద్దం, గడ్డం గీసుకునే రేజరు, కొత్త బ్లేళ్ళు, సబ్బు బిళ్ళ, కుంచె. అద్దానికి రేజరు తగిలి టింగుమనేది, అంతే. వాళ్ళక్కడ ఎవరూ గీసుకోరు, నీళ్ళు కరువు. వచ్చేసరికి నన్ను నువ్వు గుర్తుపట్టవే అని వెళ్ళేముందు ఒకసారి నవ్వాడు. అప్పుడు నేను వినిపించుకోలేదు. గడ్డంతో గుమ్మంలో నిలబడి, నువ్వెవరు అని నేను అంటే, ఈ డబ్బా తెమ్మని నవ్వుదామనుకున్నాడు కాబోలు.

ఒక్క పదిహేను రోజులు. ముందుగా తెరిచి ఉంటే మంగలికి ఆ రేజరే ఇచ్చేదాన్ని. ఆయన మొహంతో ఆయన వెళ్ళేవాడు. ఏదీ ముందుగా తెరవకు అంటే తెరవలేదు. ఆయన మాట నిలబెట్టి ఆయన కోరిక చెడగొట్టాను. ఇంతకాలమైంది, ఇప్పటికీ నాకు కలలో వచ్చేది ఆ గడ్డం మనిషే. చెవి చూస్తే గానీ నమ్మను. చూద్దామంటే అద్దం మీద చెమ్మ పట్టేస్తుంది.

అందుకే ఇది రాయించాను. మా ఆయన మొహం అది కాదు. రోజూ, ఆదివారం కూడా, నున్నగా గీసుకునే మొహం. గడ్డం కింద కుడివైపు బ్లేడు తగిలిన చిన్న మచ్చ. నవ్వితే ముందు చెవులు కదిలేవి. అది ఎక్కడో ఒకచోట ఉండాలి. నేను పోయాక ఆ అద్దంలో చూసిన గడ్డం మొహం ఒక్కటే మిగలకూడదు.

అయిపోయింది పాపా. కింద వేలు పెట్టమంటావా? సిరా తర్వాత తియ్యి. ముందు మొదటి నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు, నీ గొంతుతోనే చదువు. వినకుండా నేను వేలు పెట్టను.